మిర్చి యార్డు పోర్ట్రెయిట్లకు ఆర్‌బీ67 కొనాలా, 645 చాలా? స్కానింగ్ ఇంట్లోనే

బ్రాడీపేట_ఫ్రేమ్
నమస్కారమండీ. మాది గుంటూరు, పెళ్లి ఫొటోలు తీస్తాను. సొంతంగా ఒక పని పెట్టుకున్నాను: మిర్చి యార్డు హమాలీల పోర్ట్రెయిట్లు, నలుపు తెలుపు ఫిల్ము మీద. 16×20 అంగుళాల ప్రింట్లు వేసి వాళ్లకే ఇవ్వాలని నా కోరిక. సెకండ్‌హ్యాండ్‌లో మామియా ఆర్‌బీ67 (పెద్ద నెగెటివ్ ఇచ్చే బరువైన ఫిల్ము కెమెరా) ఒకటి, మామియా 645 (దానికంటే చిన్న నెగెటివ్ ఇచ్చేది) ఒకటి చూశాను. నెగెటివ్ పెద్దదైతే స్కాన్ కూడా పెద్దది వస్తుంది కదా అని ఆర్‌బీ వైపు మొగ్గుతున్నాను. ల్యాబ్‌కు మాత్రం ఇవ్వను. ఒకచోట ఇస్తే వాట్సాప్‌కు సరిపోయే సైజు జేపెగ్‌లు చేతిలో పెట్టారు. నా దగ్గర 24 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా, మాక్రో లెన్సు ఉన్నాయి. వాటితోనే నెగెటివ్‌ను ఫొటో తీసి స్కాన్ చేసుకోనా, ఫ్లాట్‌బెడ్ స్కానర్ కొనడం మేలంటారా?

గవర్నర్‌పేట_నెగెటివ్
స్కాన్ ఎలా చేస్తారో ముందు తేల్చుకోండి, కెమెరా సంగతి తర్వాత. మీ డిజిటల్ కెమెరా సెన్సర్ 6000×4000 పిక్సెళ్లు. 645 నెగెటివ్ 56×42 మి.మీ.; ఒక్క షాట్‌లో తీస్తే దాదాపు 5300×4000, అంటే 21 మెగాపిక్సెళ్లు. ఆర్‌బీది 56×70. అదీ ఒక్క షాట్‌లోనే తీస్తే 5000×4000, అంటే 20. అంత బరువు మోసి, రోల్‌కు 15 బదులు 10 ఫ్రేములే తీసి, పిక్సెళ్లలో మిగిలిందేమీ లేదు. గ్రెయిన్ (ఫిల్ము మీది రేణువులు) సన్నబడుతుంది, టోన్లు మెత్తగా వస్తాయి, అంతవరకు నిజం.

ఆర్‌బీకి పెట్టిన డబ్బు దక్కాలంటే ముక్కలుగా తీసి కలపాలి. 56 మి.మీ. వైపును సెన్సర్ పొడవుకు సరిపెట్టి, నెగెటివ్‌ను జరుపుతూ మూడు షాట్లు తీయండి. కలిపితే 7500×6000. 16×20 ప్రింటులో అంగుళానికి 375 పిక్సెళ్లు పడతాయి. ఒక్క షాట్‌తో అయితే 250. గోడ మీద దూరం నుంచి చూస్తే 250 కూడా బాగానే ఉంటుంది. కానీ ఆ ప్రింటును ఆ మనిషే చేతిలోకి తీసుకుని చూస్తాడు. భుజం మీద గోనెసంచి నేత, కనురెప్పల మీద పేరుకున్న కారం దుమ్ము ఆయనకు కనబడాలి. నేనైతే దాని కోసమే ఆర్‌బీ కొంటాను.

ఫ్లాట్‌బెడ్ వద్దు. ఎప్సన్ వి600 స్కానర్ మీద అంగుళానికి 6400 చుక్కలు అని రాసి ఉంటుంది, నిజంగా వచ్చే వివరం అందులో నాలుగో వంతు. పైగా దాని ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు మామూలు నలుపు తెలుపు ఫిల్ముకు పనికిరాదు. బొమ్మలోని వెండే ఆ కిరణాలను అడ్డుకుంటుంది. ఆ డబ్బుతో మంచి ఎల్ఈడీ లైట్ ప్యానెల్, ఫిల్మును చదునుగా పట్టే హోల్డర్ కొనండి.

ఉండవల్లి_120
ఇంకో మాట అన్నా. ఎండలో తలపాగా నీడ ముఖం మీద పడితే ఫ్లాష్ వేయాల్సిందే. ఆర్‌బీకి షట్టర్ లెన్సులోనే ఉంటుంది, 1/400 సెకను వేగం దాకా ఫ్లాష్ కలుస్తుంది. 645 మామూలు లెన్సులతో 1/60 దాటకూడదు. పైగా ఆర్‌బీకి బ్యాటరీతో పనే లేదు. కొనేముందు మాత్రం చీకటి గదిలో బెల్లోస్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య ఉండే మడతల తొడుగు) లోపల టార్చి పెట్టి చూడు, మడతల మూలల్లో సూది బెజ్జాలుంటాయి. లెన్సులోకీ టార్చి వేసి ఫంగస్ ఉందేమో చూడు. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే వదిలెయ్.

బ్రాడీపేట_ఫ్రేమ్
అయితే ఆర్‌బీయే. ట్రైపాడ్ వేసుకుంటాను. సెన్సరూ నెగెటివూ సమాంతరంగా ఉన్నాయని ఎలా తెలుసుకోవాలండీ?

గవర్నర్‌పేట_నెగెటివ్
నెగెటివ్ పెట్టే చోట చిన్న అద్దం పెట్టండి. తెర మీద మీ లెన్సు ప్రతిబింబం సరిగ్గా మధ్యలోకి వచ్చేదాకా కెమెరాను సర్దండి. తర్వాత అద్దం తీసి ఎఫ్8, రా ఫైలు, మాన్యువల్ ఎక్స్‌పోజర్. మూడు షాట్లకూ అదే ఉండాలి, లేకపోతే అతుకు కనిపిస్తుంది. గదిలో లైట్లు ఆర్పేయండి.

ఫిల్ము కడగడం (డెవలప్ చేయడం) కూడా ఇంట్లోనే అయితే, మన ఎండాకాలంలో కుళాయి నీళ్లు 20 డిగ్రీల దగ్గర ఉండవు. డెవలపర్ సీసాను ఐసు నీళ్ల టబ్బులో నిలబెట్టి థర్మామీటర్ చూసుకోండి. ఫిల్ము ఆరేటప్పుడు ఫ్యాను వేయకండి, దుమ్మంతా తడి ఫిల్ముకే అంటుకుంటుంది. మొదటి రోల్ స్కాన్ అయ్యాక ఒక ఫ్రేము ఇక్కడ పెట్టండి, అతుకు దగ్గర ఎలా ఉందో చూసి చెబుతాను.