కార్న్ లాస్ అంటే మొక్కజొన్న చట్టాలా?

పోటీ పరీక్షలకు చదువుతున్న వాళ్లబ్బాయి నోట్సులో ‘1815 నాటి మొక్కజొన్న చట్టాలు’ అని ఉందని, ఇంగ్లండులో అంత మొక్కజొన్న పండేదా అని మన గ్రూపులో ఒక మేడమ్ అడిగారు. మంచి సందేహం. ఆ నోట్సు ఎవరు రాశారో గానీ, తప్పు రాశారు. ఇంగ్లీషులో ‘కార్న్ లాస్’ (Corn Laws) అనే ఆ చట్టాల్లో అసలు గొడవంతా గోధుమల మీద.

దేశంలో గోధుమల ధర క్వార్టర్‌కి 80 షిల్లింగులు చేరేదాకా బయటి దేశాల గోధుమలు అక్కడి బజారులోకి రాకూడదన్నది 1815 చట్టం. క్వార్టర్ అంటే 8 బుషెళ్లు, అప్పటి ధాన్యపు కొలత. దీంతో భూస్వాములు బాగుపడ్డారు. పట్నాల్లో రొట్టె కొనుక్కుని బతికే కూలీల మీద భారం పడింది. 1846లో రాబర్ట్ పీల్ ప్రధానిగా ఉండగా వీటి రద్దుకు చట్టం చేశారు.

ఐర్లండులో 1845లో బంగాళాదుంపకు తెగులు సోకి కరువొచ్చినప్పుడు ఈ పీల్ ప్రభుత్వమే అమెరికా నుంచి మొక్కజొన్న తెప్పించింది. దాన్ని మాత్రం ‘ఇండియన్ కార్న్’ అన్నారు. ఈ ఇండియన్‌కి మన దేశంతో సంబంధం లేదు, అమెరికా ఆదివాసుల్ని అలా పిలిచేవారు. కార్న్ అంటే మొక్కజొన్న అనే అర్థం అప్పటికే అక్కడ స్థిరపడి ఉంటే, ముందు ‘ఇండియన్’ తగిలించాల్సిన పనే లేదు.

పాత ఇంగ్లీషులో కార్న్ అంటే గింజ. ఏ గింజైనా సరే. లాటిన్ ‘గ్రానుమ్’, దాన్నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘గ్రెయిన్’ దీనికి దాయాదులు. కెర్నెల్ అంటే మొదట్లో ‘చిన్న కార్న్’ అనే. పెప్పర్‌కార్న్ అంటే మిరియపు గింజ. కార్న్డ్ బీఫ్ డబ్బాలో మొక్కజొన్న ఉంటుందేమో అనుకుంటారు కొందరు. అందులో కార్న్ అంటే మాంసాన్ని ఊరబెట్టే రాళ్ల ఉప్పు పలుకులు.

గింజ అనే అర్థం నుంచి తిండిగింజలకు, అక్కణ్ణుంచి ఆ ప్రాంతంలో ఎక్కువగా పండే గింజకు వచ్చింది మాట. ఇంగ్లండులో అది గోధుమ, స్కాట్లండులో ఓట్లు. జర్మన్ భాషలో ‘కోర్న్’ అంటే చాలాచోట్ల రై అనే, గోధుమలాంటి గింజ. అమెరికాకు వలసపోయినవాళ్లకు అక్కడ కనిపించింది మొక్కజొన్న చేలు. ముందు ఇండియన్ కార్న్ అన్నారు, తర్వాత ‘ఇండియన్’ రాలిపోయింది. నా ఉద్దేశంలో ‘మా దగ్గర ముఖ్యంగా పండే గింజ’ అనే అర్థం మాత్రం ఎక్కడికెళ్లినా అలాగే ఉంది, గింజే వేరైంది. మనకు స్వీట్‌కార్న్, పాప్‌కార్న్, బేబీకార్న్ సరుకుతో పాటే ఈ అమెరికా అర్థం వచ్చింది. అందుకే పిల్లలకు కార్న్ అనగానే పొత్తు కళ్లముందు కనపడుతుంది.

ఆ పొత్తుతో పాత పుస్తకాలు చదివితే చిక్కే. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో లూకా సువార్త 6వ అధ్యాయం చూడండి. శిష్యులు ‘ఇయర్స్ ఆఫ్ కార్న్’ తెంపి, చేతుల్లో నలిపి తింటారు. మొక్కజొన్న పొత్తును అరచేతుల మధ్య నలిపి తినడం ఎవరి వల్ల అవుతుంది? పైగా అది అమెరికా ఖండాల పంట, కొలంబస్ ప్రయాణాల తర్వాతే ఈ వైపుకు వచ్చింది. తెలుగు బైబిల్లో ‘వెన్నులు త్రుంచి, చేతులతో నలుపుకొని’ అని ఉంటుంది. వెన్ను అన్న ఒక్క మాటతో చేనూ, పంటా, తినే తీరూ కుదిరిపోయాయి. ఆ అనువాదకులకు చేయెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. ఆదికాండంలో యాకోబు ఐగుప్తులో ఉందని విన్న ‘కార్న్’ కూడా తెలుగులో ‘ధాన్యము’.

ఇక కామెంట్లలో వచ్చిన రెండు ప్రశ్నలు.

కాలి కింద వచ్చే ఆనెకాయను కూడా కార్న్ అంటారు కదా, గింజలా గట్టిగా ఉంటుందనా అని ఒకరు అడిగారు. కాదండీ. అది వేరే మాట. లాటిన్‌లో కొమ్మును ‘కోర్నూ’ అంటారు, చర్మం కొమ్ములా గట్టిపడుతుంది కాబట్టి ఆ పేరు. యూనికార్న్, కార్నర్, కంటి కార్నియా దాని సంతానమే. పెప్పర్‌కార్న్, స్వీట్‌కార్న్ ఒకే మాటకు పెరిగిన అర్థాలైతే, ఆనెకాయ కార్న్ పలకడంలో మాత్రమే కలిసిన పరాయి మాట. నిఘంటువులు వీటిని రెండు వేర్వేరు పదాలుగా ఇచ్చేది అందుకే.

‘ధాన్యం చట్టాలు’ అని రాయమంటారా అని మేడమ్ మళ్లీ అడిగారు. రాయొచ్చు, తప్పు లేదు. కానీ మన దగ్గర ధాన్యం అన్న మాటకు ఏమైందో గమనించండి. నవధాన్యాలు అన్నప్పుడు అందులో శనగలూ, పెసలూ, నువ్వులూ అన్నీ ఉంటాయి. అదే ‘ధాన్యం కొనుగోలు కేంద్రం’ అన్నప్పుడు వడ్లు తప్ప ఇంకేమీ కాదు. గోదావరి జిల్లాల్లో ‘ధాన్యం రేటెంత?’ అంటే ఏ ధాన్యం అని ఎవరూ ఎదురడగరు. ఇంగ్లండు రైతుకు కార్న్ ఎలా గోధుమ అయిందో, వరి పండించే మన రైతుకు ధాన్యం అలా వడ్లయింది. అందుకని నేనైతే ‘తిండిగింజల చట్టాలు’ అని రాసి, పక్కన ‘ముఖ్యంగా గోధుమలు’ అని చేరుస్తాను. నోట్సులో మొక్కజొన్న మాత్రం ఇవాళే కొట్టేయమనండి, పరీక్షలో మార్కులు పోతాయి.