బస్తీ చరిత్ర ప్రదర్శన: గోడకెక్కే ప్రతి మాటకూ కాగితం ఉండాల్సిందేనా?

చాదర్‌ఘాట్ వాసి (చర్చ మొదలుపెట్టినవారు):
హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున మా బస్తీ కమ్యూనిటీ హాల్లో చరిత్ర ప్రదర్శన పెడుతున్నాం. 1908 సెప్టెంబర్ 28 నాటి వరద, ఆ తర్వాత నది పక్కన బతుకులు మారిన తీరు ముఖ్య విషయం. ఇంటింటికీ తిరిగి పాత ఫొటోలు, కిరాయి రసీదులు, రేషన్ కార్డులు, పెళ్లిపత్రికలు పోగుచేశాం. పెద్దవాళ్ల మాటలు ఫోన్లో రికార్డు చేశాం. ఒక సదస్సులో ఈ సంగతి చెబితే అక్కడి అధ్యాపకులొకరు, "కాగితం లేనిదేదీ గోడకెక్కించొద్దు, ముందు నిపుణులకు చూపించండి" అన్నారు. దాంతో మా సంఘంలోనే రెండు వర్గాలయ్యాం. పెద్దల మాట ఉండి తీరాలని నేనంటాను. మీరేమంటారు?

తార్నాక పాఠకుడు:
ఆ సార్ మాటే సరైనది. ఆర్కైవ్స్‌లో పాత కాగితాలు చూసే అలవాటున్నవాడిగా చెబుతున్నాను. నిజాం కాలం నాటి కాగితాల మీద సాధారణంగా ఫస్లీ, అంటే శిస్తు లెక్కల సంవత్సరం ఉంటుంది. దానికి 590 కలిపితే దాదాపుగా మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. కొన్నిటి మీద హిజ్రీ, అంటే ఇస్లామిక్ సంవత్సరం ఉంటుంది. రసీదు మీద 1326 అని ఉందనుకోండి. హిజ్రీ అయితే అది వరద వచ్చిన 1908. ఫస్లీ అయితే 1916-17. ఏ లెక్క సంవత్సరమో చూడకుండా "వరదనాటికే మేమిక్కడున్నాం" అని బోర్డు రాస్తే, దాని ఫొటో వాట్సాప్‌లో తిరిగి, నాలుగేళ్లలో అదే చరిత్రగా చలామణీ అవుతుంది.

నోటి మాటలకైతే ఇంకా జాగ్రత్త కావాలి. ఆ వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారన్నది అందరికీ తెలిసిందే. మా తాతలు ఆ ఆసుపత్రి మేడ ఎక్కి బతికారని చెప్పేవాళ్లూ తగులుతారు. ఇప్పుడున్న భవనం వరద తర్వాత కట్టింది!

ఏసీ గార్డ్స్ నుంచి:
అన్నా, నేనొప్పుకోను. కాగితం ఎవరింట్లో ఉంటుంది? జాగీర్దారు దేవ్డీలో, అంటే ఆయన బంగళాలో ఉంటుంది, వకీలు పెట్టెలో ఉంటుంది. గుడిసె కొట్టుకుపోయినవాడి దగ్గర ఏముంటుంది? మా ఏరియా పేరే నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆఫ్రికా మూలాలున్న ఆ సిద్దీ కుటుంబాల మర్ఫా డప్పులు వినకుండా ఈ ఊళ్లో బారాత్ కదలదు. ఆ వాయిద్యం తాత దగ్గర మనవడు నేర్చుకున్నది. దానికి రసీదు అడుగుతారా? దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో బస్తీలను కదిలించారు. ఆ హరికథలు విన్న మనుషుల జ్ఞాపకాలు ఏ దఫ్తర్‌లో దొరుకుతాయి? వాళ్ల పిల్లలు, మనవలు చెబితేనే కదా మనకు తెలిసేది.

తార్నాక పాఠకుడు:
మర్ఫాకు రసీదు అడగలేదు తమ్ముడూ. తేదీకి, స్థలానికి అడుగుతున్నాను.

రిటైర్డ్ తెలుగు టీచర్:
మీ ఇద్దరికీ ఒక పాత సంగతి గుర్తుచేయాలి. తెలంగాణలో కవులే లేరని ఒకరు రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరూరి కవుల నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ప్రజల దగ్గరున్నదాన్ని ఆయన ప్రజల నుంచే సేకరించారు. అయితే దాన్ని పేర్లతో, ఊళ్లతో సహా అచ్చులో పెట్టారు. నమ్మనివాడు వెళ్లి అడిగి చూసుకోవచ్చు. ఆదిరాజు వీరభద్రరావు గారి లాంటివాళ్లున్న లక్ష్మణరాయ పరిశోధక మండలి కూడా అంతే, శాసనాలు సేకరించి అచ్చేసి అందరి ముందూ పెట్టింది. నిపుణులంటే గేటు దగ్గర నిలబడి ఆపేవాళ్లని మనం ఎప్పుడు నేర్చుకున్నామో నాకర్థం కాదు.

రీసెర్చ్ స్కాలర్, ఉస్మానియా యూనివర్సిటీ:
టీచర్ గారి మాటకు కొనసాగింపుగా. సదస్సుల్లో పేపర్ చదవడానికి మాకిచ్చేది పది, పదిహేను నిమిషాలు. ఎక్కువ భాగం ఇంగ్లీషులోనే. ఎవరి బస్తీ గురించి చదువుతున్నామో వాళ్లు ఆ హాల్లో ఉండరు. సంపుటం అచ్చయ్యేసరికి ఏళ్లు పడుతుంది, అదీ లైబ్రరీ బీరువాలోకి వెళ్తుంది. బస్తీ వాళ్లు నిపుణుల కమిటీ దగ్గరికి వెళ్లడం కాదు, మేమే ఆ హాలుకి వచ్చి కింద కూర్చుని కాగితాలు చదివిపెట్టాలి.

ఇంకో మాట. 2024లో మూసీ ఒడ్డు ఇళ్ల గోడల మీద కూల్చేందుకు ఎర్ర గుర్తులు వేశారు, చాదర్‌ఘాట్‌లోనే కొన్ని ఇళ్లు కూల్చారు. కాబట్టి ఎవరు ఎప్పటి నుంచి ఇక్కడున్నారన్నది ఇప్పుడు బతుకుకు సంబంధించిన ప్రశ్న. అలాంటప్పుడు ఒక్క తప్పు తేదీ చాలు, మిగతా నిజమంతా అబద్ధమని కొట్టిపారేయడానికి. మన పెద్దల మాటను కాపాడుకోవాలంటే, ఎవరు చెప్పారు, ఏ వయసులో చూశారు, లేక ఎవరి దగ్గర విన్నారు అన్నది పక్కనే రాయాలి. అమ్మమ్మ కళ్లారా చూసినదానికీ, ఆమె అత్తగారు చెబితే విన్నదానికీ తేడా ఉంది. రెండూ గోడ మీద ఉండాలి, తేడా కూడా కనబడాలి.

ఏసీ గార్డ్స్ నుంచి:
ఇది బాగుంది మేడమ్. కానీ చిన్న అక్షరాల్లో "నిర్ధారణ కాలేదు" అని రాసి పెద్దవాళ్లను చిన్నబుచ్చొద్దు. వాళ్ల మాట వాళ్ల పేరుతో, కాగితమున్న బోర్డు ఎంత పెద్దగా ఉంటే అంత పెద్దగానే ఉండాలి.

చాదర్‌ఘాట్ వాసి:
అందరికీ థ్యాంక్స్. స్కాలర్ మేడమ్ చెప్పినట్టే చేస్తాం. మాట చెప్పినవాళ్ల పేరు వాళ్లను అడిగాకే రాస్తాం. కార్డులు, రసీదులు అసలువి పెట్టం. కలర్ జిరాక్స్ తీసి, నంబర్లు కప్పేస్తాం. వరద తర్వాత కట్టిన జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయని స్కూలు పిల్లలతో ఒక పెద్ద కాలపట్టిక గీయిస్తున్నాం. ఏ కుటుంబం ఎప్పుడొచ్చిందో దాని కింద వాళ్లే రాసుకోవచ్చు. తప్పనిపించినవాళ్లు రాయడానికి పక్కన ఒక రిజిస్టర్ పెడతాం. కమిటీకి ముందుగా చూపించి అనుమతి తీసుకోవడం మాత్రం ఉండదు. ఆ విషయంలో వెనక్కి తగ్గం.

తార్నాక పాఠకుడు:
అనుమతి సంగతిలో నాకింకా సంతృప్తి లేదు. ప్రదర్శన తెరిచాక దిద్దడం కంటే ముందు దిద్దడమే తేలిక. కానీ పిలిస్తే వస్తాను. ఫస్లీ, హిజ్రీ అని తేలని కాగితాలు విడిగా తీసిపెట్టండి. చేతిరాత ఉర్దూ చాలావరకు షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటుంది, నాకు పూర్తిగా చదవడం రాదు. మీ బస్తీలోనో మసీదు దగ్గరో అది చదవగల పెద్దాయన ఎవరైనా ఉంటే ఆయన్ని కూడా కూర్చోబెట్టండి.