ఈ వారం సమస్య: “చచ్చి నాల్గుసార్లు సంత కేగె”

కోటగుమ్మం (నిర్వాహకుడు):

దసరాకు మా ఇంట్లోకి ప్లేస్టేషన్ 5 (టీవీ మీద ఆడే వీడియో గేమ్ కన్సోల్) వచ్చింది. సద్దుల బతుకమ్మ నాటి నుంచి మా వాడు హాల్లో ఒక మూల, మేమంతా ఇంకో మూల. నిన్న పొద్దున నేను చాయ్ తాగుతుంటే వచ్చి, “నాయినా, నాలుగుసార్లు సచ్చిన, ఆఖరికి సంతకు పోయిన” అన్నాడు. చాయ్ చల్లారింది గానీ ఆటవెలది పద్యానికి నాలుగో పాదం దొరికింది. ఇదే సమస్య, పై మూడు పాదాలు రాసి మీరు పూరించాలి.

చచ్చి నాల్గుసార్లు సంత కేగె

ఓపెన్ వరల్డ్ ఆట వాసన తగలాలి, అదొక్కటే నియమం. తెలియని పెద్దలకు ఒక మాట: ఈ ఆటల్లో ఒకటో మెట్టు, రెండో మెట్టు అని వరుస ఉండదు. కొండలు, ఊళ్లు, అడవులున్న ఓ దేశాన్ని ముందు పరిచి ‘ఇక నీ ఇష్టం’ అని వదిలేస్తారు. కథ పట్టుకొని పోవచ్చు, లేదంటే గుర్రం దిగి చెరువు గట్టున కూర్చోవచ్చు. చస్తే దగ్గర్లోనే మళ్లీ లేస్తాం.

పాకాల పిట్ట:

క్రొత్త యాటపెట్టె కొడుకు చేతికి రాగ
గుఱ్ఱమెక్కి కొండ కోన తిరిగి
దొంగచేత నొరిగి తోడేళ్ల కెరయయి
చచ్చి నాల్గుసార్లు సంత కేగె

మడికొండ మాస్టారు:

‘ఆటపెట్టె’ బాగుందమ్మా, కన్సోల్‌కు ఇకనుంచి నేనూ అదే అంటాను. గణాలు (గురులఘువుల కూర్పు), యతులు (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి) సరిపోయాయి. లెక్కే తప్పింది. దొంగ ఒక చావు, తోడేళ్లు ఒక చావు. మిగతా రెండు ఎక్కడ? సమస్యలో అంకె ఉందంటే అది ఊరికే ఉండదు, పూరణలో దానికి జవాబు చెప్పి తీరాలి.

పాకాల పిట్ట:

దొరికిపోయాను సార్. మూడో పాదం ఇట్లా మారుస్తున్నా:

దొంగ, యెలుగు, లోయ, తోడేళ్లు చంపగా

మడికొండ మాస్టారు:

ఇప్పుడు నాలుగూ వచ్చాయి. లోయ కూడా హంతకురాలే అనడం నాకు నచ్చింది. ఒక సందేహం, చచ్చి లేవడానికి ఎంతసేపు పడుతుంది?

పాకాల పిట్ట:

రెప్పపాటే సార్. పాత మిషన్‌లో హార్డ్ డిస్క్ తిరిగి తిరిగి లోడ్ అయ్యేలోపు వంటింట్లోకి పోయి నీళ్లు తాగి వచ్చేవాళ్లం. దీంట్లో తిరిగే డిస్క్ లేని, వేగంగా లోడ్ చేసే ఎస్‌ఎస్‌డీ ఉంది. ఏడ్వడానికి కూడా టైమ్ ఇవ్వదు.

జనగామ తమ్ముడు:

మొదటిసారి రాస్తున్నా, తిట్టకండి.

గాలి దారి చూప గమ్యమ్ము వెదకుచు
నక్క వెంట పోయి కొండ గుడిని
మొక్కి, కత్తి తగిలి ముక్కుపై పడిపోయి
చచ్చి నాల్గుసార్లు సంత కేగె

‘ఘోస్ట్ ఆఫ్ త్సుషిమా’ ఆట ఇది. తెర మూలన మ్యాప్ ఉండదు, బాణం గుర్తు ఉండదు. ఎటు పోవాలో గాలే చెప్తుంది. గడ్డి ఎటు వంగితే అటు మన దారి. నక్క కనిపిస్తే వెంబడించాలి, అది ఇనారి దేవత గుడి దగ్గరికి తీసుకుపోతుంది.

మడికొండ మాస్టారు:

ఎందుకు తిడతా తమ్మీ? మొదటి పాదం చదివి కిటికీ దిక్కు చూశాను, నిజంగా గాలి వచ్చిందేమో అని. రెండో పాదంలో గణాలు కుదిరాయి గానీ యతి పోయింది. ‘న’కూ ‘కొ’కూ మైత్రి లేదు. ‘నక్క వెంట పోయి నాల్గు గుడులు’ అను. యతి దక్కుతుంది, పైగా నాలుగు గుళ్లు మొక్కినా నాలుగు చావులు తప్పలేదన్న చమత్కారం ఊరికే వస్తుంది. ప్రాసయతి (మొదటి అక్షరాలకు బదులు ‘నక్క’, ‘మొక్కె’ల్లో లాగా రెండో అక్షరాలు కలవడం) మీద మోజుంటే ‘నక్క వెంట పోయి మొక్కె గుడిని’ అన్నా చెల్లుతుంది. అప్పుడు మూడో పాదం ఎత్తుగడ మార్చుకోవాలి.

కోటగుమ్మం:

మధ్యలో ఒక మాట. ఆ ఆట కథ 1274లో జరుగుతుంది, కుబ్లాయ్ ఖాన్ సేన జపాన్ వాళ్ల త్సుషిమా దీవి మీద పడ్డప్పుడు. సరిగ్గా అప్పుడు ఇక్కడ ఓరుగల్లును ఏలుతున్నది రుద్రమదేవి. ఆ ఖాన్ కొలువులో ఉన్న మార్కోపోలోనే మన మోటుపల్లి రేవు గురించీ రాశాడు. ఇది మా వాడికి చెప్పిన. ఆట ఆపి రెండు నిమిషాలు విన్నాడు. నా బడాయి అంతే, పూరణలు కానివ్వండి.

ఎనుమాముల రైతుబిడ్డ:

నాకు ఆటలు తెలియవు. తెలిసింది రాసిన.

మిర్చి బస్తలెత్తి మెడ విఱిగిన రైతు
ధరలు పడిన నాడు దారిలేక
మరల మరల తిరిగి మార్కెట్టు గేటులో
చచ్చి నాల్గుసార్లు సంత కేగె

మడికొండ మాస్టారు:

సంత, మార్కెట్టు రెండూ ఒకటే, పునరుక్తి ఉంది. ఆట వాసనా లేదు. అయినా ‘చచ్చీ చెడీ’ అన్న మన నుడికారాన్ని ఇంత సూటిగా పట్టింది ఇదొక్కటే. పోటీలో లెక్కపెట్టలేను, కానీ తీసెయ్యొద్దని నిర్వాహకుడికి మనవి.

జనగామ తమ్ముడు:

అన్నా, ఇక్కడ మళ్లీ లేచే బటన్ లేదు కదా. చదివి కాసేపు ఏం అనాలో తోచలేదు.

వడ్డేపల్లి అక్క:

మీరంతా గుర్రాలెక్కారు, నేను వంటింట్లోనే ఉన్నా.

ఉల్లి తెమ్మటంచు నొకసారి పిలిచితి
ఆగుమమ్మ, యొక్క యాట యనియె
బొమ్మకత్తితోడ పోరాడి పోరాడి
చచ్చి నాల్గుసార్లు, సంత కేగె

మడికొండ మాస్టారు:

ఆ కామాకు దండం అక్కా! మిగతావాళ్లంతా పాదాన్ని ఒక్క ఊపున చదివారు. మీరు మధ్యలో విరిచారు. నాలుగు చావులు తెర మీద ఉండిపోయాయి, సంత మాత్రం నిజం సంత అయింది. ‘ఒక్క ఆట’ అనే మాట ఎంత పొడుగో ఇంట్లో పిల్లలున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఈ వారం నా ఓటు దీనికే. ఉల్లిగడ్డలు వచ్చినయా?

వడ్డేపల్లి అక్క:

వచ్చినయి. కూర అయిపోయినంక.

కోటగుమ్మం:

అన్నీ మా వాడికి చదివి వినిపించిన. అక్క పద్యానికి తల దించుకొని నవ్విండు. తర్వాత, “నాలుగు కాదు నాయినా, ఆరుసార్లు సచ్చిన, నీకు తక్కువ చెప్పిన” అన్నాడు. ‘చచ్చి యారుసార్లు’ అన్నా గణం చెడదు, క్త్వార్థానికి (‘చచ్చి’, ‘పోయి’ లాంటి అసమాపక క్రియకు) సంధి లేదు కాబట్టి యడాగమం (మధ్యలో ‘య’ చేరడం) వస్తుంది. కానీ పాదం ఇచ్చేసినం, ఇప్పుడు మార్చలేం. వచ్చే వారం సమస్య మాస్టారు ఇస్తారు.