మామయ్య పైపులో సబ్బు వాసన: పోగొట్టే మార్గం ఉందా?

తెనాలి_వాసి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. నేను ఎనిమిదేళ్లుగా ఉత్తర ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. గుంటూరులో పొగాకు కొనుగోలు ఉద్యోగం చేసి రిటైరైన మా మేనమామ గారు మూడేళ్ల కిందట కాలం చేశారు. ఆయన పైపును అత్తయ్య గారు నా చేతికిచ్చారు. అది వంపు తిరిగిన బ్రయర్ (ఒక పొద వేరుముడి కర్ర) పైపు. నల్లటి వల్కనైట్ (గట్టి రబ్బరు) మౌత్‌పీస్ అంచు మీద మామయ్య పంటి గాట్లు ఇప్పటికీ వేలికి తగులుతాయి. ఆయన అందులో ఏ సువాసనా కలపని వర్జీనియా రకం పొగాకు తప్ప మరొకటి కాల్చి ఎరగరు. నిప్పు అంటించకుండా ఊరికే నోట పెట్టుకుని గాలి పీల్చినా, ఆకు పండిన తరువాత పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే గది) తలుపు తీసినప్పుడు వచ్చే తియ్యటి ఎండుగడ్డి వాసన అందులో ఉండేది.

కిందటి నెల కెండల్ పట్టణానికి వెళ్లినప్పుడు అక్కడి తరహా ఫ్లేక్ (అచ్చుగా నొక్కి పలుచగా కోసిన) పొగాకు కొంత కొన్నాను. పొట్లం విప్పగానే గులాబీ, జిరేనియం, బాదం, ఖరీదైన ఒంటి సబ్బు అన్నీ కలిసి గుప్పుమన్నాయి. పొగాకు నాకు నచ్చింది. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, దానిని మామయ్య పైపులోనే ఐదారు సార్లు కాల్చాను. ఇప్పుడు ఎంత మంచి వర్జీనియా నింపినా మొదటి దమ్ములోనే సబ్బు రుచి నాలుకకు తగులుతోంది. ఇంగువ కట్టిన గుడ్డ అంటారే, పైపు సరిగ్గా అలా తయారైంది. రెండు వారాలు గాలికి ఆరబెట్టాను. పైపు క్లీనర్లను (కుచ్చు చుట్టిన సన్నని తీగలను) రమ్ములో ముంచి తుడిచాను. ఏమీ తేడా కనిపించలేదు.

బౌల్ (పొగాకు నింపే గిన్నె) లోపలి మసి పొరను గీకివేయమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. కానీ ఆ పొర మామయ్య ఏళ్ల తరబడి కాల్చగా ఏర్పడినది. దానిని తీసేస్తే సబ్బు వాసనతో పాటు ఆయన వాసన కూడా పోతుందేమోనని నా భయం. అనుభవం ఉన్నవారు దారి చెప్పగలరు.

పాతబ్రయర్:

మీ బాధ నాకు అర్థమైంది. గీకే ముందు ఆ వాసన ఎక్కడ దాక్కుందో తెలుసుకోవాలి. కెండల్‌లో 1792 నుంచి ముక్కుపొడుం తయారవుతోంది. పొడుముకు పూల తైలాలతో వాసన కట్టడం ఆ ఊరి పాత విద్య, అదే అక్కడి పైపు పొగాకుకూ వచ్చింది. గులాబీ, జిరేనియం తైలాలలో ఉండే జిరేనియాల్ మరగడానికి దాదాపు 230 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ తరహా పొగాకు కొన్నింటిలో వాడే టోంకా గింజలలోని కౌమారిన్‌కు దాదాపు 300 డిగ్రీలు కావాలి. ఇంత నిదానంగా ఆవిరయ్యే పదార్థాలు గది గాలికి రెండు వారాలలో ఎగిరిపోతాయని ఆశించలేము. పైపు కాలుతున్నప్పుడు అవి నిప్పు దగ్గర ఆవిరై, పొగతో పాటు ప్రయాణించి, చల్లగా ఉన్న చోట తారుతో కలిసి మళ్లీ గడ్డకడతాయి. ఆ చల్లని చోటు బౌల్ కాదు, బౌల్‌కూ మౌత్‌పీస్‌కూ మధ్య ఉండే షాంక్. చాలామంది బౌల్‌ను శ్రద్ధగా గీకి, షాంక్‌ను ఒక్క క్లీనర్‌తో తుడిచి వదిలేస్తారు, తరువాత వాసన పోలేదని విచారిస్తారు.

కాబట్టి పని అక్కడ మొదలుపెట్టండి. పైపు పూర్తిగా చల్లారిన తరువాతే మౌత్‌పీస్‌ను మెల్లగా తిప్పుతూ ఊడదీయండి, వేడిగా ఉన్నప్పుడు లాగితే షాంక్ చీలుతుంది. దూది చుట్టిన పుల్లను ఘాటైన ఆల్కహాల్‌లో తడిపి, మౌత్‌పీస్ దూరే రంధ్రం గోడలను తిప్పి తిప్పి తుడవండి. మొదటి పది పుల్లలు నల్లగా, తరువాత ముదురు గోధుమ రంగులో, ఆ పైన లేత పసుపు రంగులో వస్తాయి. తెల్లగా వచ్చేదాకా ఆపకండి. రమ్ములో సగానికి పైగా నీరే ఉంటుంది కనుక అది తారును సరిగా కరిగించదు, పైగా కర్రను ఉబ్బిస్తుంది. వల్కనైట్ అంటే గంధకంతో గట్టిపరిచిన రబ్బరు, అదీ వాసన పట్టుకుంటుంది. దానిని ఆల్కహాల్‌లో నానబెట్టవద్దు. లోపల క్లీనర్ తిప్పి, గోరువెచ్చని నీటితో కడిగితే చాలు.

ఇక మసి పొర సంగతి. బొగ్గు వాసనలను పట్టి ఉంచుతుందని తెలిసిందే, నీళ్ల ఫిల్టరులో బొగ్గు వాడేది ఆ గుణం కోసమే. అయితే కొత్తగా కాల్చిన ఐదారు విడతల అవశేషం ఎక్కువగా పై పొరలోనే ఉంటుంది. కత్తి మొన పెట్టకుండా, సన్నని గరుకు కాగితాన్ని వేలికి చుట్టి, ఆ పై పొరను మాత్రం తీయండి. ఒక మిల్లీమీటరు మందం మిగిలితే పైపుకూ మంచిదే, మీ మామయ్య గారు పేర్చిన అడుగు పొరా అలాగే ఉంటుంది.

చీరాల_చుట్ట:

ఉప్పు, ఆల్కహాల్ పద్ధతి గురించి ఎవరో ఒకరు తప్పక చెబుతారు కనుక నా అనుభవం ముందే రాస్తున్నాను. బౌల్ నిండా రాళ్లుప్పు పోసి ఆల్కహాల్ చుక్కలు వేసి రాత్రంతా ఉంచితే తారు ఉప్పులోకి లాగబడుతుంది. ఇది నిజమే. కానీ ఆ ద్రావణం షాంక్‌లోకి దిగి ఆరినప్పుడు ఉప్పు కర్ర రంధ్రాలలో గడ్డకట్టి, నా పైపు ఒకటి షాంక్ దగ్గర సన్నగా చీలింది. అప్పటి నుంచి ఉప్పుకు బదులు దూదినే వాడుతున్నాను. షాంక్‌లో క్లీనర్ దూర్చి, బౌల్‌లో దూదిని వదులుగా కూరి, డ్రాపర్‌తో ఆల్కహాల్ పోసి ఒక పూర్తి రోజు కదపకుండా ఉంచండి. ఆల్కహాల్ ఆవిరయ్యే కొద్దీ తారు దూది పైకి ఎక్కుతుంది.

ఒక జాగ్రత్త. దుకాణాలలో దొరికే మెథిలేటెడ్ స్పిరిట్‌ను దయచేసి వాడకండి. అందులో మిథనాల్ ఉంటుంది, మీరు నోట పెట్టుకోబోయే వస్తువు అది. తాగడానికి పనికివచ్చే ఘాటైన సారాయే తీసుకోండి.

గోదావరి_గట్టు:

నేను ఆ కెండల్ పొగాకును ఇష్టపడే మనిషిని. అది చెడ్డదని అనిపించుకోకూడదనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. దానికి దాని పైపు వేరుగా ఉండాలి, అంతే. సైప్రస్‌లో కట్టెల పొగ పట్టించి ఆరబెట్టే లటాకియా ఆకుకు కూడా ఇదే నియమం. మా లంక గ్రామాలలో చుట్ట కాల్చేవారికి ఈ సమస్యే లేదు, చుట్టలో పొగ వచ్చే దారి కూడా ఆకే కనుక అది కాలి బూడిదైపోతుంది. పూర్వం ఇంగ్లండ్ సత్రాలలో మట్టి పైపులను ఇనుప చట్రంలో పేర్చి నిప్పులో కాల్చితే అవి మళ్లీ తెల్లగా, ఏ వాసనా లేకుండా వచ్చేవి. బ్రయర్‌ను అలా కాల్చలేము. మధ్యధరా ప్రాంతపు ఎరికా పొద వేరుముడిని గంటల తరబడి ఉడికించి, నెలల పాటు ఆరబెట్టి చేసినా అది కర్రే, పీల్చే గుణం దానిలోనే ఉంది. మీ దగ్గర మిగిలిన ఫ్లేక్ కోసం ఒక మొక్కజొన్న కండె పైపు కొనుక్కోండి. ధర తక్కువ, వాసన అందులోనే ఉండిపోయినా బాధ లేదు.

మామయ్య గారి పైపును శుభ్రం చేసిన తరువాత వెంటనే వర్జీనియాకు వెళ్లకుండా, ఏ సువాసనా కలపని బర్లీ రకం పొగాకును కొన్నిసార్లు కాల్చండి. బర్లీ ఆకులో చక్కెర దాదాపు ఉండదు, ద్రవాలను బాగా పీల్చుకుంటుంది. పైపులో మిగిలిన వాసనను అదే తీసుకుపోతుందని చాలామంది పైపు కాల్చేవారి అనుభవం, నాదీ అదే.

తెనాలి_వాసి:

మీ అందరికీ కృతజ్ఞతలు. పది రోజుల తరువాత రాస్తున్నాను. షాంక్‌కు ముప్ఫై ఒక్క పుల్లలు పట్టాయి. లోపల ఇంత తారు ఉందని నేను ఊహించలేదు. మొదటి రోజు దూది కాఫీ డికాక్షన్ రంగుకు తిరిగింది, రెండవసారి పలుచని టీ రంగులో వచ్చింది. పై పొరను గరుకు కాగితంతో రుద్దుతున్నప్పుడు రాలిన మసిని కాగితం మీద పోసి వాసన చూశాను, స్పష్టంగా గులాబీ. దాని కింద బయటపడిన పొర గట్టిగా, నున్నగా ఉంది. అక్కడ ఆగిపోయాను.

నాలుగు రోజులు ఆరబెట్టి, ఆరు సార్లు బర్లీ కాల్చి, నిన్న సాయంత్రం వర్జీనియా నింపాను. పై సగం కాలేవరకు సబ్బు జాడ లేదు, ఆ ఎండుగడ్డి తీపి మళ్లీ తెలిసింది. బౌల్ అడుగుకు వచ్చి పొగాకు కాస్త తడిసినప్పుడు మాత్రం చివరి నాలుగు దమ్ములలో జిరేనియం సన్నగా తగిలింది.

పాతబ్రయర్:

అడుగున, అదీ తడి చేరినప్పుడు మాత్రమే తగులుతోందంటే అది బౌల్‌లో లేదు. బౌల్ అడుగు నుంచి షాంక్‌లోకి వెళ్లే సన్నని రంధ్రంలో ఉంది. దూది పుల్ల అందులో దూరదు. గట్టి కుచ్చు ఉన్న క్లీనర్‌ను ఆల్కహాల్‌లో తడిపి, బౌల్ అడుగున కొన కనిపించేదాకా నెట్టి, ముందుకూ వెనక్కూ ఆడించండి. ఒక్కొక్క క్లీనర్‌ను ఒక్కసారే వాడండి. మరో నాలుగు రోజులు ఆరనివ్వండి, మసి పొరను ఇక ముట్టుకోకండి.