అప్‌డేట్: సింగపూర్ నుంచి జొహోర్ బారుకు సరిహద్దు దాటి వచ్చాము

క్రిస్మస్ సెలవుల్లో అమ్మానాన్నలను విశాఖపట్నం నుంచి సింగపూర్ తీసుకెళ్లి, అక్కడి నుంచి బస్సులో మలేషియాలోని జొహోర్ బారుకు వెళ్లి రావడానికి ఎలా సిద్ధపడాలని ఇదివరకు అడిగాను. ప్రయాణం సాఫీగా సాగింది, సలహాలిచ్చిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

అన్నిటికన్నా అక్కరకొచ్చింది వీసా గురించిన హెచ్చరిక: ఒక్కసారి ప్రవేశానికే చెల్లే సింగపూర్ వీసాతో సరిహద్దు దాటితే తిరిగి లోపలికి రానివ్వరు కాబట్టి, అది పలుమార్లు ప్రవేశానికి చెల్లుతుందో లేదో ఇంట్లోనే చూసుకోవాలి. రెండు దేశాల డిజిటల్ అరైవల్ కార్డులనూ (ప్రయాణికులు తమ రాక వివరాలిచ్చే ఆన్‌లైన్ పత్రాలు) చేరే తేదీకి ముందు 3 రోజుల్లోపు అధికారిక సైట్లలో ఉచితంగా నింపాము. తిరిగి వచ్చేటప్పుడు సింగపూర్ కార్డు మళ్లీ నింపాలి.

సింగపూర్ వైపు సరిహద్దు తనిఖీ కేంద్రమైన వుడ్‌లాండ్స్ దగ్గర సెలవుల రద్దీ విపరీతం కనుక తెల్లవారకముందే బయలుదేరాము. బస్సు దిగి, సామానంతా వెంట పెట్టుకుని, సింగపూర్ వైపు ఒకసారి, మలేషియా వైపు మరొకసారి వరుసలో నిలబడాలి. అమ్మ మోకాళ్ల నొప్పి దృష్ట్యా ఒక్క చేతిసంచీతోనే వెళ్లడం ఎంతో మేలైంది.

అనుమతి లేకుండా గసగసాలను సింగపూర్‌లోకి తీసుకెళ్లడం నిషిద్ధమని మన ఇళ్లలో చాలామందికి తెలియదు, అందుకే మసాలా పొట్లాలను విశాఖలోనే వదిలేశాము. నాన్న మందులను మాత్రం డాక్టరు చీటీతో సహా అసలు పెట్టెల్లోనే ఉంచాము.