లండన్‌లో అత్తయ్యకి ఒక నాటకం, ఒక కచేరీ చూపించాలి. ఎలా?

ఈస్ట్‌హాం పాతకాపు:
2009 నుంచి 2014 దాకా ఈస్ట్‌హాంలో ఉన్నాం. ఈ ఆగస్టులో పది రోజులకి మళ్ళీ వెళ్తున్నాం. ఈసారి అత్తయ్య కూడా వస్తున్నారు. తెనాలి మనిషి, 68 ఏళ్ళు. చిన్నప్పుడు చాప మీద కూర్చుని తెల్లవార్లూ పద్యనాటకాలు చూసినావిడ. వీసా రాగానే “అక్కడ నాటకాలాడతారా అమ్మాయ్?” అని అడిగారు. అప్పట్నుంచి నాకు అదే ధ్యాస. అప్పట్లో నేను గ్లోబ్‌లో (షేక్‌స్పియర్ నాటకాలాడే, మధ్యలో పైకప్పు లేని థియేటర్) 5 పౌండ్లకి నిలబడి చూసేదాన్ని. ఆవిడ మోకాళ్ళకి అది కుదరదు. ఇంగ్లీషు కూడా అంతంత మాత్రమే. ప్రామ్స్‌కి (వేసవిలో ఆల్బర్ట్ హాల్‌లో జరిగే పాశ్చాత్య శాస్త్రీయ సంగీత కచేరీలు) కూడా తీసుకెళ్ళాలని ఉంది. సలహా చెప్పండి.

థేమ్స్ గట్టు:
గ్లోబ్‌లో నిలబడే చోట ఆట జరుగుతుండగా నేల మీద కూడా కూర్చోనివ్వరు. కింది గ్యాలరీలో సీట్లు తీసుకోండి. అవి ఉత్త చెక్కబల్లలు. వెనక వరసైతే గోడకి ఆనుకోవచ్చు, మెత్తలు అద్దెకి దొరుకుతాయి. స్తంభం అడ్డొచ్చే సీట్లు చవగ్గా వస్తాయి, వాటి జోలికి పోకండి. కథ ముందే తెలుగులో చెప్పేయండి. పద్యనాటకాలైనా మనవాళ్ళు తెలిసిన కథే కదా మళ్ళీ మళ్ళీ చూసేది!

వీణ టీచర్:
ప్రామ్స్‌కి 2024లో 8 పౌండ్లిచ్చి నిలబడి విన్నాను. ఆల్బర్ట్ హాల్ పై గ్యాలరీలో కొందరు దుప్పటి పరుచుకుని వింటారు. అయినా ఆవిడకి సీటే కొనండి. వీలైతే పియానో ఉన్న రోజు చూసుకోండి. పియానో మూత ఎత్తేటప్పుడు కింద నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారిగా “హీవ్” అంటారు, పైవాళ్ళు “హో” అని అందుకుంటారు, బరువెత్తేటప్పుడు మన “హైలెస్సా” లాగా. నాకు ఒళ్ళు పులకరించింది.

ఈస్ట్‌హాం పాతకాపు:
నిన్న గ్లోబ్‌కి వెళ్ళాం! పొద్దున మా పాత ఇల్లు చూపించాను, తలుపు రంగు మార్చేశారు. అక్కణ్ణుంచి డిస్ట్రిక్ట్ లైన్ రైల్లో మాన్షన్ హౌస్ స్టేషన్, మిలీనియం బ్రిడ్జి మీదుగా నడక. బ్రిడ్జి మీద రెండుసార్లు ఆగాం.

వెనక వరస సలహా మా పాలిట వరమైంది. లోపలికెళ్ళగానే ఆవిడ చూసింది వేదిక పైనున్న మేడ. “వాయిద్యాలవాళ్ళని అంత పైన కూర్చోబెట్టారేంటే? మనకి పక్కనే ఉంటారు కదా” అన్నారు. సగం ఆటలో వాన మొదలైంది. అక్కడ గొడుగులు తెరవనివ్వరు. కింద ఉన్న జనం ప్లాస్టిక్ కోట్లు తగిలించుకుని కదలకుండా నిలబడ్డారు. అత్తయ్య నా మణికట్టు పట్టుకుని “చూడు, ఒక్కళ్ళన్నా లేచిపోయారా!” అన్నారు. ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. చివర నటులంతా కలిసి డాన్స్ చేస్తుంటే, మెల్లగా, నాకు మాత్రమే వినపడేలా “వన్స్‌మోర్” అన్నారు.

శుక్రవారం ప్రామ్స్, పియానో ఉన్న రోజే దొరికింది. తిరుగు రైల్లో ఆవిడకి “హో” అనడం నేర్పించాను.