రాత్రిపూట ఆపుకోలేకుండా తినేస్తున్నా, ఎవరికి చూపించుకోవాలి? (నెల్లూరు)

పెన్నగట్టు

అందరికీ నమస్తే. మూడు రోజుల నుంచి ఇది టైప్ చేస్తూ చెరిపేస్తూ ఉన్నా. నాకు 28, నెల్లూరులో వేదాయపాళెం వైపు ఉంటాం, ఒక ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తా. ఇంట్లో అమ్మ, నాన్న, నేను.

విషయం ఏందంటే, పగలంతా చాలా పద్ధతిగా ఉంటా. పొద్దున టిఫిన్ మానేస్తా, మధ్యాహ్నం బాక్సులో కాస్త పెరుగన్నం, అంతే. కాలేజీలో అందరూ నీ అంత కంట్రోల్ మాకు లేదమ్మా అంటారు. రాత్రి అమ్మావాళ్లు పడుకున్నాక నీళ్లకని వంటింట్లోకి పోతా, ఇక ఆ తర్వాత జరిగేది నా చేతిలో ఉండదు. లైటు వెయ్యను, ఫ్రిజ్ తలుపు సందులో వచ్చే వెలుగు చాలు. గిన్నె మూత చప్పుడు కాకుండా కింద వేలు అడ్డం పెట్టి తీయడం కూడా వచ్చేసింది. మిగిలిన అన్నంలో పులుసు పోసుకుని నిలబడే తింటా, తర్వాత బిస్కెట్ ప్యాకెట్లు, తర్వాత చుట్టాలకని తెచ్చిన మలైకాజా డబ్బా. రుచి కూడా తెలియదు. కడుపు నొప్పెడుతున్నా చెయ్యి ఆగదు. ఖాళీ డబ్బా స్కూటీ డిక్కీలో దాచి పొద్దున కాలేజీకి పోతూ మినీ బైపాస్‌లో ఎక్కడో పడేస్తా, దొంగసొత్తు లాగా.

వారానికి మూడు నాలుగు సార్లు, ఏడాదిన్నరగా ఇదే. వాంతి చేసుకోవడం లాంటివి లేవు. మర్నాడు మాత్రం ఉపవాసం, మంగళవారమో శుక్రవారమో శనివారమో, ఏదో ఒక దేవుడు దొరుకుతాడు. అమ్మ మాత్రం మా పిల్ల ఏమీ తినదు, అయినా లావవుతోంది అని అందరికీ చెప్తుంది.

పోయిన నెల ఒక డాక్టర్ దగ్గరికి పోయా. ఎంతో ధైర్యం చేసి చెప్తే ఆయన రాసుకునే కాగితం మీంచి తల కూడా ఎత్తకుండా "నోరు కట్టుకోవాలమ్మా, పెళ్లి కావాల్సిన పిల్లవి" అన్నారు, బయట బెంచీ మీద కూర్చున్న వాళ్లకి కూడా వినపడింది. డైట్ చార్ట్ జిరాక్స్ చేతిలో పెట్టారు. ఆ రాత్రి మామూలు కంటే ఎక్కువ తిన్నా.

ఇది జబ్బేనా, నా బలహీనతా? సైకియాట్రిస్టు దగ్గరికి పోతే అమ్మకి చెప్పేస్తారా? నిద్రమాత్రలిచ్చి మందంగా చేసేస్తారని భయంగా ఉంది.

సింపుల్‌గా ఉందాం

అమ్మాయ్, ఇంత ఆలోచించొద్దు. ఇంట్లో స్వీట్లు పెట్టుకోవద్దు, రాత్రి ఏడు దాటాక వంటింటికి తాళం వేయించు. మా బావమరిది కొర్రలు, సామలు తిని, రోజూ గ్రౌండులో నడిచి ఆరు నెలల్లో గుర్తుపట్టలేనట్టు మారిపోయాడు. నెట్‌లో జబ్బుల పేర్లు వెతికితే అన్నీ మనకే ఉన్నట్టుంటాయి.

అద్దంకి బస్టాండ్

అన్నా, తాళం మా ఇంట్లో కూడా పడింది. మా ఆయన మంచికే వేశాడు. చెవి దొరక్క నేను రాత్రి తొమ్మిదింటికి కింద కొట్టుకి పోయి కొనుక్కుని మెట్ల మీద చీకట్లో కూర్చుని తిన్నా. తిండి తగ్గలేదు, మా ఇద్దరి మధ్య మాటలు తగ్గాయి. కొర్రల మీద నాకేం కోపం లేదు, కానీ ఈ పిల్ల అడిగేది వేరే.

చెల్లీ, నాది ఒంగోలు, నాకు 37. నువ్వు రాసింది చదువుతుంటే నా డైరీ ఎవరో చదివి వినిపించినట్టుంది. నేనైతే ఖాళీ ప్యాకెట్లు బియ్యం డబ్బా అడుగున దాచేదాన్ని. తొమ్మిదేళ్లు ఇట్టాగే గడిపి, చివరికి సైకియాట్రిస్టు దగ్గరికి పోతే ఆయన థైరాయిడ్, షుగర్ పరీక్షలు రాసి, ఒక సైకాలజిస్టు మేడం దగ్గరికి పంపించారు. వారానికి ఒకసారి, దాదాపు ఐదు నెలలు పోయా.

మొదటి రోజే ఆమె ఏం చెప్పిందో తెలుసా, పొద్దున ఎనిమిదిన్నరలోపు టిఫిన్ తినాలి, ఆ తర్వాత మూడు నాలుగు గంటలకి మించి కడుపు ఖాళీగా ఉంచకూడదు, రాత్రి ఎంత తిన్నా సరే పొద్దున టిఫిన్ మానకూడదు అని. లావు తగ్గడానికి వచ్చినదాన్ని, నన్ను ఇడ్లీ తినమంటుందేంది అని ఒళ్లు మండింది. డబ్బులు దండగ అనుకుంటూ ఇంటికొచ్చా. కానీ పగలంతా పస్తు పెడితే రాత్రికి ఒళ్లు తన బాకీ వసూలు చేసుకుంటుంది, దాన్ని మనం బలహీనత అనుకుంటాం. మూడో వారానికి నాకే తేడా తెలిసింది, వారానికి ఐదు రాత్రులు పోయేది రెండుకి వచ్చింది.

ఒక చిన్న నోట్‌బుక్ పెట్టమంది. ఎన్ని గంటలకి, ఎక్కడ కూర్చుని, ఏం తిన్నాం, అంతకుముందు ఏం జరిగింది, అంతే. తూకాలు, క్యాలరీలు రాయొద్దంది. మొదటి వారం అన్నీ అబద్ధాలే రాశా. ఆమె చూసి నవ్వి "ఇది పరీక్ష పేపర్ కాదమ్మా, మార్కులు వెయ్యను" అంది. నిజం రాయడం మొదలుపెట్టాక చూస్తే, తినేసిన రాత్రులన్నీ మధ్యాహ్నం అన్నం మానేసిన రోజులో, లేకపోతే మా ఆడపడుచు ఫోన్ చేసిన రోజులో. (ఆడపడుచు ఇది చదవదులే.)

ఇంకో సంగతి. అరిసెలంటే నాకు భయం, ఒకటి ముట్టుకుంటే డబ్బా అయిపోతుందని మూడు సంక్రాంతులు ఇంట్లో చెయ్యనివ్వలేదు. మేడం చెప్పినట్టు నాలుగో సంక్రాంతికి ప్లేటులో రెండు పెట్టుకుని, అందరి మధ్య పట్టపగలు కూర్చుని తిన్నా. నువ్వుల వాసన, అంచు కరకరలాడటం, అన్నీ అప్పుడే తెలిశాయి. అంతకుముందు కిలోలు తిన్నా ఆ రుచి తెలియలేదు.

పూర్తిగా పోయిందా అంటే, మా నాన్న పోయినప్పుడు ఒక నెల మళ్లీ వచ్చింది. మళ్లీ పోయా, మళ్లీ తగ్గింది. ఒళ్లు మాత్రం పెద్దగా తగ్గలేదు, దాని మీద ఆశ పెట్టుకోవద్దని ఆమె ముందే చెప్పింది.

రొయ్యలోడు

మగాళ్లకీ ఉంటుంది సార్లూ. నేను రొయ్యల మేత అమ్మే పని మీద చెరువులెంబడి తిరుగుతుంటా, మధ్యాహ్నం తిండికి టైం ఉండదు. సాయంత్రం హైవే పక్కన కారాపి, అద్దాలు ఎత్తుకుని, ఇద్దరు తినే బిర్యానీ ఒక్కడినే తినేసి ఇంటికి పోయి మళ్లీ భార్యతో కలిసి తింటా, అనుమానం రాకూడదని. మగాడు ఎక్కువ తింటే ఎవరికీ జబ్బనిపించదు, ఇంకాస్త వేసుకో అంటారు. షుగర్ వచ్చాకే బయటపడింది. నన్నడిగితే 14416కి ఫోన్ చేయమ్మా, మనసు బాగోలేని వాళ్ల కోసం గవర్నమెంటు పెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ అది, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేం తీసుకోరు. నేను కారులో కూర్చునే మాట్లాడా, అదే కారు.

ఓపీ చీటీ

నేను క్లినికల్ సైకాలజిస్టుని, మాది ప్రకాశం జిల్లా, పేరు వద్దు. పెన్నగట్టు గారూ, మిమ్మల్ని చూడకుండా జబ్బు పేరు చెప్పకూడదు, కానీ మీరు అడిగినదానికి జవాబు చెప్పగలను.

ఇట్టాంటి జబ్బు ఉంది. దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. ఆల్బర్ట్ స్టంకార్డ్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు 1959లోనే ఈ రకం తిండి గురించి రాశాడు, అయినా మానసిక జబ్బులని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎస్ఎం పుస్తకంలో విడిగా ఒక జబ్బుగా చేరింది మాత్రం 2013లో. అంటే అంతకుముందు చదువుకున్న డాక్టర్లు చాలామందికి ఇది పాఠంగా కూడా లేదు. మీ మనసు నొప్పించిన ఆయన్ని సమర్థించడం లేదు, తల ఎత్తి మాట్లాడటానికి ఏ పుస్తకం అక్కర్లేదు.

లెక్క ఏందంటే, కొద్ది సమయంలో, ఇంచుమించు రెండు గంటల్లో, మామూలుగా ఎవరూ తిననంత తినడం, ఆపలేకపోతున్నానన్న భావన ఉండటం, సగటున వారానికి ఒక్కసారైనా మూడు నెలల పాటు జరగడం. దీనికి తోడు గబగబా తినడం, ఆకలి లేకపోయినా తినడం, పొట్ట పగిలేదాకా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తర్వాత తన మీద తనకే అసహ్యం వేయడం, ఈ ఐదులో మూడు ఉండాలి. పెళ్లిలో నాలుగు స్వీట్లు లాగించడం ఇందులోకి రాదు, కంగారుపడకండి ఎవరూ. లావుగా ఉన్నవాళ్లకే వస్తుందనీ లేదు.

ఇక్కడ మీరు దాచకుండా చెప్పాల్సింది ఒకటుంది, ఆ ఉపవాసాలు. తిన్నదానికి విరుగుడుగా పస్తులుండటం పదే పదే జరుగుతుంటే అది బులీమియా అనే ఇంకో తిండి జబ్బు వైపు పోతుంది, వాంతి చేసుకుంటేనే బులీమియా అని చాలామంది అనుకుంటారు కానీ కాదు. ఏ పేరు పెట్టాలో డాక్టర్ చూసుకుంటారు, మాటలతో చేసే వైద్యం రెండింటికీ చాలావరకు ఒకటే. ఒంగోలు అక్క చెప్పిందే, దాన్ని సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ) అంటాం.

మందుల సంగతి. నిద్రమాత్రలు దీనికి వైద్యం కాదు. డిప్రెషనో ఆందోళనో తోడుగా ఉంటే దానికి మందు రాయొచ్చు, ఏది ఎందుకు ఇస్తున్నారో అడిగే హక్కు మీకుంది. అమెరికాలో 2015లో లిస్‌డెక్సాంఫెటమిన్ అనే మందుకి ఈ జబ్బు కాస్త తీవ్రంగా ఉన్న పెద్దవాళ్ల కోసం అనుమతి ఇచ్చారు, అది అలవాటు పడే మందు, బరువు తగ్గించడానికి ఇచ్చేది కాదు. ఆకలి చంపే మాత్రలని ఆన్‌లైన్‌లో అమ్మేవి దయచేసి కొనొద్దు. రొయ్యలోడు గారూ, మీరు షుగర్ మాత్రలు వేసుకుని మధ్యాహ్నం పస్తుంటే షుగర్ పడిపోవచ్చు, ఈ సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి.

అమ్మకి చెప్తారా అంటే, మీకు 28 ఏళ్లు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రులున్నాయి, సైకియాట్రీ ఓపీ ఉంటుంది. బయట చూపించుకుంటే ముందే ఫోన్ చేసి, ఈటింగ్ డిజార్డర్లు చూస్తారా, సైకాలజిస్టు ఉన్నారా అని అడగండి. మొదటి రోజే బరువు తూచి తిట్టడం మొదలుపెడితే లేచి వచ్చేయండి, ఇంకొకరున్నారు. నోటితో చెప్పలేకపోతే మీరు పైన రాసిందే ఫోన్‌లో చూపించండి, అంతకంటే బాగా కేస్ షీట్‌లో మేం కూడా రాయలేం.

పెన్నగట్టు

అందరికీ థాంక్స్, చాలాసేపు ఏడ్చా, మంచి ఏడుపే. 14416కి నిన్న చేశా, ఒకామె తొందరపెట్టకుండా విన్నది. సోమవారం లీవు పెట్టి పెద్దాసుపత్రి ఓపీకి పోతున్నా. అక్కా, నోట్‌బుక్ కొన్నా, మొదటి పేజీలోనే ఒక అబద్ధం రాసి కొట్టేశా.

ఇవాళ పొద్దున వంటింట్లో కూర్చుని మూడు ఇడ్లీ తిన్నా. అమ్మ గరిటె పట్టుకుని అట్టాగే నిలబడి "ఇయ్యాల శనివారం కదే" అంది. దేవుడికి చెప్పాలే అమ్మా అన్నా. ఆమెకి అసలు విషయం ఎప్పుడు చెప్పాలో ఇంకా తెలియడం లేదు.

అద్దంకి బస్టాండ్

చెప్పకపోయినా పర్లేదు ఇప్పుడు. ముందు సోమవారం కానీ. ఓపీలో లైను ఉంటుంది, ఖాళీ కడుపుతో పోవద్దు.

సింపుల్‌గా ఉందాం

అందరూ కలిసి నన్ను బాగానే వాయించారు. కానీ ఒకటి. మా బావమరిది గురించి రాశా కదా, ఇది చదివాక ఊరికే మా చెల్లెల్ని అడిగా. ఆయన ఈ మధ్య రాత్రి వాకింగ్ అని పోయి గంటన్నరకి గానీ రావడం లేదంట, బండి సీటు కింద మిక్చర్ ప్యాకెట్లు, కేకు కవర్లు దొరికాయంట, అడిగితే కేకలేశాడంట. ఆ నంబరు రాత్రిపూట కూడా పనిచేస్తుందా?

రొయ్యలోడు

చేస్తుందన్నా, 24 గంటలూ. నేను చేసింది రాత్రి పదకొండున్నరకి.